యూరప్ ప్రైవేట్ ఈక్విటీలో జీతమెంత, క్యారీ ఎంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సీఏ చేసి ఓ బ్యాంకు వాల్యుయేషన్ టీమ్‌లో పనిచేస్తున్నాను. లండన్‌లోని ప్రైవేట్ ఈక్విటీ సంస్థ (ఇన్వెస్టర్ల డబ్బుతో కంపెనీలు కొని, తర్వాత అమ్మే సంస్థ) నుంచి అసోసియేట్ ఆఫర్ వచ్చింది. బేస్ 90 వేల పౌండ్లు, బోనస్ 'బేస్‌లో 100 శాతం వరకు' అని రాశారు. చేతికి ఎంత వస్తుంది?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు బేస్, అంటే స్థిర జీతం, సంగతి చూద్దాం. ఇంగ్లండ్‌లో 90 వేల మీద ఆదాయపు పన్ను 23,432 పౌండ్లు, నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత కోసం జీతంలోంచి కోసేది) దాదాపు 3,811. పింఛను కోత పక్కనబెడితే నెలకు సుమారు 5,230 పౌండ్లు మిగులుతాయి.

లెక్క తప్పేది బోనస్ దగ్గరే. '100 శాతం వరకు' అంటే అది గరిష్ఠం మాత్రమే, ఇస్తామని హామీ కాదు. మొదటి ఏడాది 60 వేలు వచ్చాయనుకోండి. మొత్తం ఆదాయం లక్ష దాటగానే, పన్ను పడని 12,570 పౌండ్ల మినహాయింపు ప్రతి 2 పౌండ్లకు 1 చొప్పున తగ్గుతూ 1,25,140 దగ్గర పూర్తిగా పోతుంది. ఈ రెండు అంకెల మధ్య సంపాదించే ప్రతి 100 పౌండ్లలో 62 కోతకే పోతాయి. ఆపైన 47. అంతా కలిపి చూస్తే 60 వేల బోనస్‌లో మీకు దక్కేది 28,530 పౌండ్లు, సగం కూడా కాదు. బోనస్‌లో కొంత నేరుగా పింఛను ఖాతాకు మళ్లించే సౌకర్యం ఉందేమో అడగండి. ఆ 62 శాతం భాగాన్ని తప్పించుకోవడానికి చట్టబద్ధంగా ఉన్న మంచి దారి అదే.

సంతకానికి ముందు ఈ మూడూ రాతపూర్వకంగా తెలుసుకోండి: గత రెండేళ్లలో ఇదే స్థాయివాళ్లకు నిజంగా ఎంత శాతం ఇచ్చారు, ఏడాది మధ్యలో చేరితే నెలల లెక్కన కోస్తారా, బోనస్ పడే రోజుకు నోటీసు పీరియడ్‌లో ఉంటే మొత్తం పోతుందా. చాలా కాంట్రాక్టుల్లో మూడో దానికి జవాబు 'పోతుంది' అనే ఉంటుంది. ఇక స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జులై 22 నుంచి సాధారణ కనీస జీతం 41,700 పౌండ్లు. అందులోకి బోనస్ రాదు, గ్యారంటీ జీతమే లెక్క. మీకు అది ఇబ్బంది కాదు. కానీ చిన్న సంస్థలకు స్పాన్సర్ లైసెన్సే (విదేశీయులను వీసా మీద తీసుకునే అనుమతి) ఉండకపోవచ్చు, అది ముందే చూసుకోండి.

ప్రశ్న: అసోసియేట్ నుంచి పార్ట్‌నర్ దాకా జీతం ఎలా పెరుగుతుంది? ఒకే హోదాకు రెండు సంస్థల మధ్య ఇంత తేడా ఎందుకు?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: లండన్‌లోని పెద్ద ఫండ్లలో అసోసియేట్ బేస్ సుమారు 80 వేల నుంచి 1,10,000 పౌండ్లు, బోనస్ దాని మీద 50 నుంచి 100 శాతం. వైస్ ప్రెసిడెంట్ లేదా ఇన్వెస్ట్‌మెంట్ మేనేజర్ స్థాయిలో బేస్ 1,30,000 నుంచి 1,80,000, బోనస్ ఇంచుమించు అంతే. ప్రిన్సిపల్ లేదా డైరెక్టర్‌కు బేస్ 2 లక్షల అటూ ఇటూ. ఇవన్నీ స్థూలమైన అంచనాలు. పార్ట్‌నర్ అయ్యాక బేస్ అంత వేగంగా పెరగదు, అక్కడ సంపాదనంతా క్యారీ, అంటే ఫండ్ లాభంలో నిర్వాహకులకు దక్కే వాటా, మీదే. హోదాల పేర్లు సంస్థకొక తీరున ఉంటాయి కాబట్టి పేరు చూసి పోల్చకండి. పార్ట్‌నర్ కావడానికి ఇంకా ఎన్ని మెట్లున్నాయో అడగండి.

తేడా ఎక్కడ పుడుతుందో చూద్దాం. జీతాలూ బోనస్‌లూ వచ్చేది మేనేజ్‌మెంట్ ఫీజులోంచి, అంటే ఫండ్ నడిపినందుకు ఇన్వెస్టర్లు ఏటా కట్టే రుసుములోంచి. 50 కోట్ల యూరోల ఫండ్ 2 శాతం ఫీజు తీసుకుంటే ఏటా కోటి యూరోలు. సంస్థలో 25 మంది ఉంటే తలకు 4 లక్షలు. ఆఫీసు అద్దె, ప్రయాణాలు, ఆడిటర్లు, కుదరని డీల్స్ కోసం పెట్టిన ఖర్చు, పార్ట్‌నర్ల జీతాలు అన్నీ అందులోనే. అదే 1,000 కోట్ల యూరోల ఫండ్ 1.5 శాతమే తీసుకున్నా ఏటా 15 కోట్లు. 150 మంది ఉన్నా తలకు 10 లక్షలు. అందుకే ఆఫర్ చూసేటప్పుడు మొత్తం ఫండ్ సైజును మనుషుల సంఖ్యతో భాగించి చూడండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మొదటి అయిదేళ్లు, అంటే పెట్టుబడులు పెట్టే కాలంలో, ఇన్వెస్టర్లు ఇస్తామన్న మొత్తం మీద ఫీజు పడుతుంది. ఆ తర్వాత సాధారణంగా ఇంకా కంపెనీల్లో ఉన్న పెట్టుబడి మీదే. కంపెనీలు అమ్ముడుపోతున్న కొద్దీ ఫీజు తగ్గుతుంది. అప్పటికి కొత్త ఫండ్ రాకపోతే ముందుగా కుదించేది బోనస్‌నే. ఇంటర్వ్యూలో తప్పక వేయాల్సిన ప్రశ్న: 'మీ తర్వాతి ఫండ్ ఎప్పుడు, పాత ఇన్వెస్టర్లు ఎంతమంది మళ్లీ వస్తున్నారు?'

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ఎంబీఏ ముగుస్తోంది. 50 కోట్ల యూరోల ఫండ్‌లో వైస్ ప్రెసిడెంట్‌గా చేరితే 1 శాతం క్యారీ ఇస్తామని, దాని విలువ 8 లక్షల యూరోలని అంటున్నారు. నమ్మవచ్చా?
- ఒక పాఠకురాలు, ఫాంటెన్‌బ్లో

జవాబు: వాళ్లు చెప్పిన లెక్క తప్పు కాదు. కానీ అన్నీ అనుకూలిస్తేనే ఆ అంకె వస్తుంది. 50 కోట్ల మీద 40 కోట్ల లాభం, అందులో 20 శాతం క్యారీ 8 కోట్లు, దానిలో మీ 1 శాతం 8 లక్షలు. ఇందులో కాలం ప్రస్తావన ఎక్కడా లేదని గమనించండి.

యూరప్‌లో ఎక్కువగా నడిచేది మొత్తం ఫండ్ లెక్కన పంపకం. ఫీజులతో సహా ఇన్వెస్టర్లు ఇచ్చిన ప్రతి యూరో, దాని మీద ఏటా 8 శాతం చక్రవడ్డీ వాళ్లకు ముట్టాకే మీ వైపు డబ్బు కదులుతుంది. ఆ 8 శాతాన్నే హర్డిల్ అంటారు. డబ్బు సగటున 5 ఏళ్లు పెట్టుబడిలో ఉంటే ఇన్వెస్టర్లకు ముందుగా చెందాల్సిన లాభం దాదాపు 23.5 కోట్లు. వచ్చింది 40 కోట్లు కాబట్టి, క్యాచ్-అప్ (హర్డిల్ తీరాక, సంస్థ వాటా లాభంలో 20 శాతానికి చేరేదాకా వచ్చేదంతా సంస్థకే ఇచ్చే ఏర్పాటు) పూర్తిగా ఉన్న ఒప్పందంలో 8 కోట్ల క్యారీ మొత్తం దక్కుతుంది. కంపెనీల అమ్మకాలు ఆలస్యమై సగటు 8 ఏళ్లకు చేరితే ఇన్వెస్టర్ల వాటా సుమారు 42.5 కోట్లు. లాభం అదే 40 కోట్లు. క్యారీ సున్నా. మీ 8 లక్షలూ సున్నా. 2022లో వడ్డీ రేట్లు పెరిగాక కంపెనీల అమ్మకాలు బాగా మందగించాయి. చాలా పాత ఫండ్లలో క్యారీ ఆశలు సన్నగిల్లడానికి ఈ చక్రవడ్డీ పెద్ద కారణం.

'1 శాతం' దేనిలోనో స్పష్టం చేసుకోండి. మొత్తం క్యారీలోనా, లేక సంస్థ తన వాటా తీసుకున్నాక టీమ్‌కు మిగిలిన దానిలోనా? రెండోదైతే, సంస్థ 40 శాతం ఉంచుకుంటే మీ 8 లక్షలు 4.8 లక్షలవుతాయి. వెస్టింగ్, అంటే వాటా విడతలుగా మీ సొంతమయ్యే తీరు, ఎలా ఉందో చూడండి. ఏటా 20 శాతం చొప్పున అయిదేళ్లు అన్నది తరచూ కనిపించే పద్ధతి. కొన్నిచోట్ల చివరి భాగం ఆఖరి కంపెనీ అమ్ముడయ్యేదాకా ఆపుతారు.

క్యారీ ఉచితంగా రాదు కూడా. సంస్థ ఫండ్‌లో 2 శాతం సొంతంగా పెట్టాలంటే కోటి యూరోలు. అందులో మీ 1 శాతం అంటే లక్ష యూరోలు, నాలుగైదేళ్లలో విడతలుగా, పన్ను కట్టాక మిగిలిన జీతంలోంచి. సంస్థ అప్పు ఇస్తుందంటే పత్రం పూర్తిగా చదవండి: ఉద్యోగం మానితే వెంటనే తీర్చాలా, ఫండ్ నష్టపోయినా మీరే తీర్చాలా? రెంటికీ 'అవును' అయితే ఆ అప్పు తీసుకోవద్దనే మా సలహా. వైస్ ప్రెసిడెంట్ స్థాయిలో బేస్, బోనస్‌లను చూసే ఆఫర్ ఒప్పుకోండి, మొదటి క్యారీ డబ్బు ఆరేడేళ్లకు ముందు వస్తుందని లెక్కేసుకోకండి.

ప్రశ్న: క్యారీ మీద పన్ను ఏ దేశంలో ఎంత?
- ఒక పాఠకుడు, ఫ్రాంక్‌ఫర్ట్

జవాబు: మీరున్న జర్మనీలో, ఫండ్ వ్యాపార సంస్థగా కాక ఆస్తి నిర్వహణగా పన్ను శాఖ గుర్తించినదైతే 40 శాతం మినహాయింపు ఉంది. పై శ్లాబులో సుమారు 28.5 శాతం పడుతుంది. ఇటలీలో 26 శాతమే. కానీ సొంత పెట్టుబడి కనీసం 1 శాతం, 5 ఏళ్ల కాలం, హర్డిల్ షరతులు తీరాలి. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ దాకా 28 శాతం, ఆ తర్వాతి ఏడాది 32, 2026 ఏప్రిల్ 6 నుంచి పై శ్లాబువాళ్లకు దాదాపు 34.1. అక్కడ ఫండ్ తన పెట్టుబడులను అట్టిపెట్టుకునే సగటు కాలం 40 నెలల కంటే తక్కువైతే ఈ రాయితీ తగ్గుతూ వచ్చి, 36 నెలల లోపు అసలే ఉండదు.

ప్రశ్న: మా అల్లుడుగారు లండన్‌లో ప్రిన్సిపల్. రెండేళ్లలో హైదరాబాద్ వచ్చేస్తామంటున్నారు. క్యారీ పోతుందా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అది లీవర్ నిబంధన, అంటే ఉద్యోగం మానేవారి వాటా ఏమవుతుందో చెప్పే షరతు, మీద ఆధారపడుతుంది. తనంతట తాను రాజీనామా చేస్తే సాధారణంగా వెస్ట్ అయిన భాగం ఉంటుంది, మిగతాది పోతుంది. తప్పు చేసి తొలగింపునకు గురైనా, నిషేధ కాలంలో పోటీ సంస్థలో చేరినా వెస్ట్ అయినది కూడా తీసేసుకునే ఒప్పందాలున్నాయి. వెస్టింగ్ తేదీకి నెల ముందు నోటీసు ఇచ్చి ఏడాది వాటా వదులుకోవడం పూర్తిగా తప్పించుకోగల నష్టం, ఆ తేదీ చూసుకునే ప్రయాణం పెట్టుకోమనండి.

పన్ను రెండు వైపులా ఉంటుంది. 2026 ఏప్రిల్ నుంచి బ్రిటన్ క్యారీని వ్యాపార ఆదాయంగా చూస్తుంది కాబట్టి, దేశం వదిలినా అక్కడ చేసిన పని మేరకు పన్ను అడగవచ్చు. ఇక్కడ, గత 10 ఏళ్లలో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నవారికి లేదా గత 7 ఏళ్లలో 729 రోజులకు మించి ఇండియాలో లేనివారికి మొదట్లో విదేశీ ఆదాయం మీద ఊరట దొరుకుతుంది. అది ముగిశాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ పన్నుకు వస్తుంది, ఫండ్‌లోని వాటాను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపాలి. రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంట్‌ను విమానం ఎక్కకముందే కలవాలి. వచ్చాక కలిస్తే మార్చగలిగేవి చాలా తక్కువ.