శ్లాబు దగ్గర ఆగిన ఇల్లు: అదనపు సాయం ఎలా?

ప్రశ్న: మాకు పేరేచర్ల లేఅవుట్‌లో సెంటు స్థలం ఇచ్చారు. మేం బీసీలం. గోడలు లేచాయి, శ్లాబు పడలేదు. ప్రభుత్వం ఇచ్చే 1.80 లక్షలు చాలడం లేదు. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెద్దామనుకుంటున్నాం. వేరే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉంది. అప్పు మాట కాసేపు పక్కన పెట్టండి. గతంలో మంజూరై మధ్యలో ఆగిన ఇళ్లకు 1.80 లక్షలు కాక అదనంగా ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2025 మార్చిలో నిర్ణయించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. ఓసీలకు ఇది లేదు.

ఈ డబ్బు ఒక్కసారే రాదు, ఇల్లు ఏ దశకు చేరితే ఆ దశకే వస్తుంది. చిక్కంతా ఇక్కడే. మీ గోడలు కప్పు ఎత్తుకు లేచినా, హౌసింగ్ వారి రికార్డులో ఇంకా ‘బీఎల్’ (పునాది) అనే ఉండొచ్చు. అలా ఉంటే తర్వాతి బిల్లు కదలదు. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని కలిసి మీ ఇల్లు బీఎల్, ఆర్‌ఎల్ (కప్పు ఎత్తు), ఆర్‌సీ (శ్లాబు) దశల్లో ఎక్కడ నమోదైందో చూపించమనండి. రికార్డు వెనకబడి ఉంటే, స్థలం దగ్గర మీరు ఉండగా ఫొటో తీసి నమోదు చేయమని అడగండి. కులం వివరం తప్పు పడిందేమో కూడా అప్పుడే చూసుకోండి, 50 వేలు దాని మీదే ఆధారపడతాయి.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. శాఖ ఇచ్చిన సిమెంటు, ఇనుము ధర బిల్లులో కోసుకుంటారు. ‘తక్కువ పడింది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ కోతే. అలాకాక బిల్లు పడినట్టు ఆన్‌లైన్‌లో కనిపించి ఖాతాలో మాత్రం లేకపోతే, ఆధార్‌కు చివరిగా ఏ బ్యాంకు అనుసంధానమైందో ‘మై ఆధార్’ సైట్లో చూడండి. సిమ్ కొన్నప్పుడు దుకాణంలో తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో డబ్బు కూర్చుని ఉండటం మామూలే.

ఇంకా చాలకపోతే పొదుపు సంఘం వైపు చూడండి. ఈ ఇళ్లకు మెప్మా (పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) ద్వారా 35 వేల పావలా వడ్డీ రుణాలు ఇచ్చారు. మీరు తీసుకోకపోయి ఉంటే మీ సంఘాల పని చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) అడగండి. 35 వేలకు పావలా వడ్డీ ఏడాదికి 1,050 రూపాయలు, రెండు రూపాయల వడ్డీ అయితే 8,400. తేడా మీరే చూసుకోండి.

శ్లాబు పోసేముందు ఒక జాగ్రత్త. 340 చదరపు అడుగులకు నాలుగంగుళాల శ్లాబంటే దాదాపు 113 ఘనపుటడుగుల కాంక్రీటు, సుమారు 26 బస్తాల సిమెంటు. ఎప్పుడో తెచ్చి మూల పెట్టిన బస్తాలు మూడు నెలలు దాటితే బలం తగ్గుతాయి. గడ్డకట్టినవాటిని జల్లించి వాడదామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. బయట తుప్పుపట్టిన ఊచల్ని తీగ బ్రష్షుతో రుద్దాకే కట్టించండి.

సచివాలయంలో పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అర్జీ ఇచ్చి, రసీదు నంబరు తీసుకోండి. 1100కు ఫోన్ చేసినా నమోదవుతుంది.

ప్రశ్న: గొల్లపూడిలో 34 లక్షల ఫ్లాట్ కొంటున్నాం. బ్యాంకు 26 లక్షల రుణం ఇస్తానంటోంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 7 లక్షలు. కేంద్రం వడ్డీ రాయితీ వస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 26 లక్షలు తీసుకుంటే రాదు, 25 లక్షలు తీసుకుంటే వచ్చే అవకాశం ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు, ఆదాయం 9 లక్షలు, కార్పెట్ ఏరియా 120 చదరపు మీటర్లు దాటకూడదు. రుణం 2024 సెప్టెంబర్ 1 తర్వాతది కావాలి. మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ల వరకు 4 శాతం రాయితీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలను ఐదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాలో వేస్తారు. వాయిదా విడుదలయ్యే నాటికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి, ఖాతా మొండిబాకీ కాకూడదు. బంగారం అమ్మి ముందే తీర్చేద్దామనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ప్రశ్న: మా ఆయన పేరున 2008లో ఇందిరమ్మ ఇల్లు వచ్చింది, ఇప్పుడు కారుతోంది. నా పేరున కొత్తది అడగొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కుదరదు. భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కలిపి ఒకే కుటుంబం. గత 20 ఏళ్లలో ఏ పథకంలోనూ ఇల్లు పొంది ఉండకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పెళ్లయిన కొడుక్కి సొంత స్థలం ఉండి, పక్కా ఇల్లు లేకపోతే అతను విడిగా దరఖాస్తు చేయవచ్చు.