పెట్టె సరే, ట్యాంకు సంగతి చూడు

విజయనగర, బెంగళూరు

చిరంజీవి శ్రీధర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

డాబా మీద సోలార్ వాటర్ హీటర్ సొంతంగా కట్టుకుంటానన్నావు. మీ అమ్మ ససేమిరా వద్దంటోందట. ఆమెతో నేను మాట్లాడతానులే. హెచ్.ఎం.టి.లో ఫిట్టరుగా బతికినవాణ్ని, చేత్తో పని చేసుకుంటానన్న పిల్లవాణ్ని నేనెందుకు ఆపుతాను? అయితే నువ్వు పంపిన బొమ్మలో ఎండ పట్టే పెట్టెకు అంగుళాలతో సహా కొలతలున్నాయి. ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ‘నీలం డ్రమ్ము’ అని రాసి ఊరుకున్నావు. తేడా వచ్చేది అక్కడే.

బెంగళూరు ఎండకు నీళ్లు కాగడం గొప్ప సంగతేమీ కాదు. మధ్యాహ్నం మూడింటికల్లా కాగి కూర్చుంటాయి. మనం స్నానం చేసేది మర్నాడు తెల్లవారి ఆరింటికి. మధ్యలో పదిహేను గంటలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది. ఏ రక్షణా లేని డ్రమ్ములో పొద్దుటికి గోరువెచ్చదనం కూడా మిగలదు. పైగా ఆ ప్లాస్టిక్ 60, 70 డిగ్రీల నీళ్లను రోజూ మోయలేదు, మెత్తబడి గొట్టం బిగించిన చోట కారడం మొదలుపెడుతుంది. అందుకే నా మాట విని స్టీలు ట్యాంకు కొనుక్కో, పెట్టె మాత్రం నువ్వు చేసుకో. పాత సోలార్ హీటర్లు విప్పి తీసేసినవాళ్ల దగ్గర ట్యాంకులు దొరుకుతాయి. నీళ్లు నింపి ఒక రాత్రంతా ఉంచి, అతుకుల దగ్గర తడి చూసుకున్నాకే డబ్బివ్వు. చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన రాక్‌వూల్ (వేడి బయటికి పోకుండా ఆపే రాతి దూది) చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పు. రేకు అతుకు కిందివైపుకు రావాలి. వాన నీరు దిగి తడిసిన రాక్‌వూల్ ఉన్నా లేనట్టే.

మీ ముగ్గురికీ బకెట్ స్నానాలే కాబట్టి 100 లీటర్ల ట్యాంకు చాలు. అన్ని నీళ్లను 20 డిగ్రీల నుంచి 55కు తేవాలంటే సుమారు 4 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. అంటే రెండు కిలోవాట్ల గీజర్ రెండు గంటలు తిరిగినంత. రెండు చదరపు మీటర్ల పెట్టె మీద మంచి ఎండరోజున 10 యూనిట్లు పడుతుంది. ఇంట్లో చేసిన పెట్టె అందులో నలభై శాతం పట్టుకున్నా మనకు సరిపోయినట్టే. అందుకని మరీ నాజూకు పనికి పోయి నెలలు గడపవద్దు.

పెట్టెలో జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. రాగి గొట్టానికీ నల్లరేకుకూ మధ్య సందు ఉండకూడదు. అరంగుళం గొట్టాలను నాలుగేసి అంగుళాల దూరంలో నిలువుగా పెట్టి, పైనా కిందా అంగుళం గొట్టాలకు అతికిస్తావు కదా. అల్యూమినియం రేకులో ఆ గొట్టం మందానికి సరిపోయే గాడి కొట్టి, గొట్టాన్ని దాంట్లో నొక్కి కూర్చోబెట్టాలి. గాడి నడుమ దారం దూరేంత సందు ఉన్నా రేకు కాలుతుంది, నీళ్లు మాత్రం కాగవు. రంగు తళతళలాడేది కాకుండా మెరుపు లేని నలుపు వెయ్యి, అదీ పలచగా. రాగి అతుకులు నువ్వు పెట్టవద్దు. ఏ.సి.లు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కులకు అది నిత్యం చేసే పని, ఒక పూటలో ముగించి ఇస్తారు. అతికించాక, పెట్టెలో బిగించకముందే నీటి ఒత్తిడి పెట్టి చూడు.

రేకు కింద థర్మోకోల్ పరవాలనుకున్నావు. వద్దు. ఊరెళ్లి నీళ్లు వాడనప్పుడో, గొట్టాలు ఖాళీగా ఉన్నప్పుడో పెట్టె లోపల వేడి వంద డిగ్రీలు దాటవచ్చు, థర్మోకోల్ కరిగి ముద్దవుతుంది. అక్కడా రాక్‌వూలే వెయ్యి. పైన నాలుగు మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు, అంటే కాల్చి గట్టిపరచిన గాజు పెట్టించు. టఫెన్డ్ గాజును తరవాత కోయడం కుదరదు, కాబట్టి పెట్టె పూర్తయ్యాక లోపలి కొలత తీసుకుని అప్పుడే చేయించు. ఎస్.పి. రోడ్డులో తిరిగితే స్క్రూలూ రేకులూ వాల్వులూ దాదాపు అన్నీ దొరుకుతాయి, కానీ కొలతల కాగితం లేకుండా ఆ రోడ్డులోకి అడుగు పెట్టవద్దు. అక్కర్లేనివి నాలుగు కొనిపించి పంపుతారు.

ఇక ఎత్తుల సంగతి. ఇందులో పంపు ఉండదు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లనిది కిందికి దిగుతుంది, ఆ తిరుగుడే దీని ప్రాణం. కాబట్టి ట్యాంకు అడుగుభాగం పెట్టె పైకొసకన్నా ఒక అడుగు ఎత్తున ఉండాలి. లేదంటే రాత్రిపూట తిరుగుడు వెనక్కి మళ్లి, పగలు కాగిన నీళ్లను పెట్టె చల్లార్చిపెడుతుంది. పెట్టె ముఖం దక్షిణానికి పెట్టు. మనది సుమారు 13 డిగ్రీల అక్షాంశం. వేడినీళ్ల అవసరం చలికాలంలోనే ఎక్కువ గనక మరో పది కలిపి 23 డిగ్రీల వాలు ఇవ్వు. ఆరున్నర అడుగుల పెట్టెకు వెనక కొస రెండున్నర అడుగులు లేస్తే ఆ వాలు వస్తుంది. ఇవన్నీ కలిపితే వేడినీళ్ల ట్యాంకు నెత్తి ఆరడుగులు దాటుతుంది. చల్లనీళ్లు అందులోకి దిగాలంటే మీ సింటెక్సు ట్యాంకు అంతకన్నా పైన ఉండాలి. నీది మెట్ల గది కప్పు మీద ఉందంటే ఇబ్బంది లేదు, డాబా నేల మీదే ఉందంటే ముందు దాన్ని ఎత్తించాలి. వేడినీళ్ల ట్యాంకు నెత్తిన, గాలీ ఆవిరీ బయటికి పోవడానికి గాలిగొట్టం తప్పనిసరి. దాని నోరు సింటెక్సు ట్యాంకు నీటిమట్టం కన్నా పైన ఉండాలి, దానికి వాల్వు పెట్టనే కూడదు.

నీళ్లతో నిండిన 100 లీటర్ల ట్యాంకు స్టాండుతో కలిపి క్వింటాలు దాటుతుంది. స్టాండు కాళ్లు గోడ మీదికో బీము మీదికో వచ్చేలా చూసుకో. స్లాబుకు రంధ్రాలు చేయకుండా కాళ్ల కింద సిమెంటు దిమ్మెలు పోయించు. దక్షిణపు ఇంటివాళ్లు ఇంకో అంతస్తు లేపుతారేమో కూడా కనుక్కో. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ సుమారు 55 డిగ్రీలకు మించి ఎక్కడు, వాళ్ల గోడ నీడ నేరుగా నీ గాజు మీదే పడుతుంది.

గొట్టాల్లో మామూలు పీవీసీ పనికిరాదు, వేడినీళ్లను తట్టుకునే సీపీవీసీ వాడు. పెట్టెకు ఆనుకున్న మొదటి మూడడుగులు మాత్రం రాగే ఉండనీ. పెట్టె నుంచి ట్యాంకుకు పోయే గొట్టం ఎక్కడా కిందికి వంగకుండా పైపైకే సాగాలి, వంగినచోట గాలి చిక్కుకుని తిరుగుడు ఆగిపోతుంది. అంతా బిగించాక ఎండరోజున పదకొండింటికి పైగొట్టం మీద చెయ్యి వెయ్యి, తరవాత కిందిగొట్టం మీద. పైది చురుక్కుమని, కిందిది చల్లగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టు. ట్యాంకు చల్లగా ఉండి పెట్టె మాత్రం కాలిపోతుంటే గాలి చిక్కినట్టే.

మీ వైపు బోరు నీళ్లు, టాంకరు నీళ్లు అన్నావు. అవి కాగినకొద్దీ గొట్టాల్లో గార కడుతుంది. కింది గొట్టానికి ఒక డ్రెయిన్ వాల్వు ఇప్పుడే పెట్టించుకుంటే, ఏడాదికోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కడుక్కోవచ్చు. కావేరి కనెక్షన్ వస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

జులై, ఆగస్టు మబ్బుల్లో దీన్ని నమ్ముకోవద్దు, గీజర్‌ను పీకేయవద్దు. ట్యాంకులో హీటరు రాడ్డు మాత్రం నువ్వే బిగించే ప్రయత్నం చేయకు. ఎలక్ట్రీషియన్‌తో తప్ప ఆ పని జరగకూడదు. ఏప్రిల్‌లో రెండు రోజులు నీళ్లు వాడకపోతే 70 డిగ్రీలు దాటుతాయి, అందుకని బకెట్లో ముందు చల్లనీళ్లు పట్టి తరవాతే వేడినీళ్లు కలపమని ఇంట్లో అందరికీ చెప్పు, ముఖ్యంగా పాపకు.

స్టాండు వెల్డింగు చేయించకముందు ఒకసారి ఫోన్ చెయ్యి. టేపు పట్టుకుని వస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న