పై గదికి సిగ్నల్ ఎందుకు ఎక్కదు?

ప్రశ్న: మా ఇంట్లో వైఫై రూటర్ కింద హాల్లో ఉంది. సరిగ్గా దానిపైన మేడ గదిలో మా అబ్బాయి చదువుకుంటాడు. అక్కడికి సిగ్నల్ సరిగా రాదు. 5 డీబీఐ ఆంటెన్నాలున్న కొత్త రూటర్ కొన్నాం, ఇంకా తగ్గింది! దాంతో వచ్చిన కాగితంలో గుండ్రటి గీతల మధ్య అడ్డంగా పడుకున్న 8 అంకెలాంటి బొమ్మ వేసి, 'రేడియేషన్ ప్యాటర్న్' అని రాశారు. రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది. - ఒక గృహిణి, తెనాలి

జవాబు: టెన్షన్ వద్దమ్మా. ఇక్కడ రేడియేషన్ అంటే ఆంటెన్నా నుంచి రేడియో తరంగాలు బయటికి వెళ్లడం, అంతే. ఎక్స్‌రేతో దీనికి సంబంధం లేదు. మీ కష్టానికి జవాబు కూడా ఆ బొమ్మలోనే ఉంది.

ఒక గారె తీసుకోండి. దాని చిల్లులో పెన్సిల్ నిలువుగా గుచ్చండి. పెన్సిల్ మీ రూటర్ ఆంటెన్నా, గారె దాని సిగ్నల్. చుట్టూ ఎటు చూసినా గారె ఉంది, పెన్సిల్ రెండు కొనల వైపు మాత్రం ఏమీ లేదు. మీ అబ్బాయి కూర్చున్నది పెన్సిల్ పైకొన మీద! ఆ గారెను చాకుతో నిలువునా రెండు ముక్కలు చేసి, కోసిన వైపు నుంచి చూస్తే కనిపించేదే మీ అడ్డం 8. పైనుంచి చూస్తే గుండ్రంగా ఉంటుంది. కాగితంలో ఆ రెండో బొమ్మ కూడా ఉండే ఉంటుంది, చూడండి.

కొనల వైపు ఎందుకు ఉండదంటే, ఆంటెన్నాలో కరెంటు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. మీరు వాకిట్లో నిలబడి ఒక కర్రను పైకీ కిందికీ ఆడిస్తున్నారనుకోండి. ఎదురింటివాళ్లకు ఆ ఊపంతా కనిపిస్తుంది. సరిగ్గా మీ నెత్తిమీద, డాబా అంచు నుంచి తొంగిచూసేవాడికి కర్ర కొన ఒక చుక్కలాగా, కదలనట్టే ఉంటుంది. తరంగానికి కావాల్సింది ఆ పక్కనుంచి కనిపించే ఊపే.

ఇక 5 డీబీఐ సంగతి. ఆంటెన్నా తనకు బాగా వెళ్లే దిక్కుకు ఎంత ఎక్కువ పంచుతుందో చెప్పే కొలత అది. ఆంటెన్నా పవర్‌ని పుట్టించదు, రూటర్ ఇచ్చిన దాన్ని పంచుతుంది. అన్ని దిక్కులకూ సమానంగా పంచితే 0 డీబీఐ అంటారు. అలాంటి ఆంటెన్నా లెక్కల్లోనే తప్ప బజారులో దొరకదు. తరంగం పొడవులో సగం ఉన్న మామూలు రాడ్‌కి 2.15 డీబీఐ, అంటే బాగా వెళ్లే దిక్కులో 1.64 రెట్లు. 5 డీబీఐ అంటే మూడు రెట్లు దాటుతుంది. ఆ అదనం ఎక్కడిది? పైకీ కిందికీ వెళ్లాల్సిన దాంట్లోంచి తీసిందే. పిండి అంతే, గారెను అరచేత్తో ఇంకాస్త నొక్కారన్నమాట. వెడల్పయింది, పల్చబడింది. పక్క వాటాలో ఉన్నవాళ్లకు ఇప్పుడు మీ వైఫై బాగా అందుతుంటుంది, పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డం. డబ్బా మీద అంకె పెద్దదిగా ఉంటే మంచిదని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, ఎటువైపు పెద్దదో చెప్పరు.

చేయాల్సింది చిన్న పని. రెండు ఆంటెన్నాలుంటే ఒకదాన్ని అలాగే నిలువుగా ఉంచి, రెండోదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. ఆ గారె అంచు మీద నిలబడుతుంది, పై గది దాని పొట్టకు ఎదురుగా వస్తుంది. వీలైతే రూటర్‌ని మెట్ల వైపు జరపండి. స్లాబూ, అందులోని ఇనుప చువ్వలూ ఎలాగూ కొంత మింగేస్తాయి, మెట్ల దారి నయం.

ఆ బొమ్మ చదివేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సిగ్నల్ ఎంత దూరం వెళ్తుందో చూపే పటం కాదది. ఆంటెన్నా చుట్టూ, చాలినంత దూరంలో, ఒకే దూరం పాటిస్తూ తిరిగితే ఏ దిక్కున ఎంత బలం కనిపించిందో గీసిన గీత. బయటి వలయం 0, లోపలికి వస్తుంటే మైనస్ 3, మైనస్ 10, మైనస్ 20 డెసిబెల్స్. మైనస్ 3 అంటే పవర్ సగం, మైనస్ 20 అంటే నూరో వంతు. గీత మధ్యలోకి వచ్చి ఆగిందంటే అక్కడ సున్నా అనుకోకండి, నడి చుక్క దగ్గర మైనస్ 30 అనో 40 అనో రాసి ఉంటుంది.

ఈ విద్య నేను పుస్తకంలో కంటే ముందు డాబా మీద నేర్చుకున్నాను. 1980ల్లో మా అక్క వాళ్లింట్లో టీవీ ఆంటెన్నా బిగించే పని నా నెత్తిన పడింది. జీఐ పైపు పట్టుకుని నేను పైన, టీవీ ముందు బావ. "వచ్చిందా?" "చుక్కలే!" "ఇప్పుడు?" "ఇంకొంచెం తిప్పు... అయ్యో, పోయింది!" గంటసేపు ఇదే. అప్పుడు తెలియలేదు గానీ, మేమిద్దరం కొలుస్తున్నది రేడియేషన్ ప్యాటర్నే. మీటరు బదులు బావ గొంతు.

తప్పు నాదే. అది యాగీ ఆంటెన్నా. అందులో పొడవాటి రాడ్ వెనక ఉండాలి, పొట్టివి స్టేషన్ వైపు చూడాలి. పొడవాటిదే ఎక్కువ లాగుతుందని దాన్ని ముందుకు పెట్టాను. (ఆ ఆంటెన్నాను 1926లో జపాన్‌లో సెండాయ్ ఊళ్లోని తోహోకు యూనివర్సిటీలో కనిపెట్టారు. ప్రయోగాలు ఎక్కువ చేసినవాడు షింతారో ఉదా, జనం నోట నిలిచిన పేరు మాత్రం ఆయన ప్రొఫెసర్ హిదెత్సుగు యాగీది.)

తిప్పి బిగించాక బొమ్మ వచ్చింది, పక్కనే దాని దెయ్యం కూడా వచ్చింది. న్యూస్ చదివే ఆవిడకు కుడివైపు పల్చగా ఇంకో ఆవిడ. దగ్గర్లోని కొండను తాకి కాస్త ఆలస్యంగా వస్తున్న సిగ్నల్ అది. ఆంటెన్నాను ఎంత సూటిగా స్టేషన్ వైపు పెట్టినా పోలేదు. చివరికి స్టేషన్ నుంచి కొద్దిగా పక్కకు తిప్పాను, కొండ ఉన్న దిక్కు ప్యాటర్న్‌లోని నొక్కులో, అంటే సిగ్నల్ తీసుకోని కోణంలో పడేట్టు. బొమ్మ ఇసుమంత మసకబారింది గానీ దెయ్యం వదిలింది. ఆంటెన్నా ఎటు వింటుందో అందరూ చూస్తారు, ఎటు వినదో చూసుకోవడంలోనే సగం పనితనం ఉంది.

ప్రశ్న: తిరుపతి దగ్గర గాదంకిలో రాడార్ ఉందని వెళ్లి చూశాం. తిరిగే గొడుగేమీ లేదు, పొలంలో నాట్లేసినట్టు ఆంటెన్నాలు పాతారు. ఇదేం రాడార్? - ఇద్దరు మిత్రులు, చిత్తూరు

జవాబు: నాట్లతో పోల్చడం బాగుంది! అవి మా అక్క డాబా మీది యాగీలకు చుట్టాలే, కాకపోతే ఆకాశం వైపు చూస్తున్నాయి. 32 వరసలు, వరసకు 32 చోట్లు, మొత్తం 1024, సుమారు 130 మీటర్ల చదరంలో. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, తరంగం పొడవు 5.7 మీటర్లు.

ఒక్క యాగీ ప్యాటర్న్‌లో ముందువైపు పొడుచుకొచ్చే ఉబ్బెత్తు మహా వెడల్పు. వెయ్యి యాగీలను ఒకేసారి, ఒకే అడుగు వేసేట్టు ఊపితే నడినెత్తిన అన్ని తరంగాలూ కలిసొస్తాయి, పక్కలకు వెళ్లేవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దాంతో ప్యాటర్న్ 3 డిగ్రీల సూదిలాగా మారుతుంది. ఎంత స్థలంలో పరిస్తే అంత సన్నం. గొడుగు పెట్టి ఇదే పని చేయాలంటే గొడుగు కూడా దాదాపు ఆ చదరమంత ఉండాలి. తిప్పేదెవరు? అందుకే తిప్పరు. ఒక అంచు వరసలకు సిగ్నల్ ముందుగా, రెండో అంచుకు క్షణంలో కోట్ల వంతుల్లో ఆలస్యంగా ఇస్తారు, సూది అటు వాలుతుంది. మేఘం లేని ఆకాశంలో గాలి ఎటు, ఎంత జోరుగా వీస్తోందో అలా కొలుస్తారు.

కొట్టేసుకోగా అక్కడక్కడా మిగిలిపోయిన చిన్న ఉబ్బెత్తులను సైడ్‌లోబ్‌లంటారు. రాడార్‌తో పనిచేసే మాకు వాటితోనే ఎక్కువ తలనొప్పి. పక్కనున్న కొండ ప్రతిధ్వని వాటి గుండా దొంగలా దూరుతుంది.

ప్రశ్న: ఎదురింటి డాబా మీద సెల్ టవర్ పెట్టారు. సరిగ్గా దాని కింద ఉన్నవాళ్లకే ప్రమాదమా? - ఒక రిటైర్డ్ టీచర్, వరంగల్

జవాబు: మాస్టారూ, ఆ పొడవాటి పెట్టెలో ఆంటెన్నాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. నిలువునా పేర్చారు కాబట్టి కిరణం నిలువులో బాగా సన్నం, అడ్డంగా వెడల్పు. అట్లకాడను బోర్లించి చాచి పట్టుకున్నట్టు దూరానికి చూస్తుంది, కొద్దిగా కిందికి వంచుతారు. అందుకే సరిగ్గా కింద బలం తక్కువ. పట్టించుకోవాల్సింది పెట్టెకు ఎదురుగా, అదే ఎత్తులో, దగ్గర్లో ఉన్న బాల్కనీలను. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకే టవర్లను కట్టడి చేశారు.

ప్రశ్న: ఈ ప్యాటర్న్ పంపే ఆంటెన్నాకేనా, అందుకునేదానికి కూడా ఉంటుందా? - బీఎస్సీ విద్యార్థి, విజయనగరం

జవాబు: రెండింటికీ ఒకటే, నాయనా. ఎటు బాగా పంపగలదో అటునుంచే బాగా వింటుంది. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే పరీక్షించు. మీడియం వేవ్‌లో ఏదో ఒక స్టేషన్ పెట్టు. లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ అడ్డంగా ఉంటుంది. కడ్డీ పక్క భాగం స్టేషన్‌కు ఎదురుగా ఉన్నప్పుడు పాట గట్టిగా వినిపిస్తుంది. రేడియోను అలాగే మెల్లగా తిప్పుతూ పో. ఒకచోట పాట చటుక్కున సన్నగిల్లుతుంది. అప్పుడు కడ్డీ కొన స్టేషన్ వైపు చూస్తోందన్నమాట. కొనలు రెండు కాబట్టి స్టేషన్ ముందుందో వెనకుందో తేలదు. ఆ గీతను జిల్లా మ్యాపు మీద గియ్యి, ఇంకో ఊరు వెళ్లి మళ్లీ గియ్యి. రెండు గీతలూ కలిసిన చోట స్టేషన్ ఉంటుంది.