అమ్మలూ, ముందు మీ ఊరి నీళ్లెటు పోతాయో కనుక్కో

అమ్మలూ,

నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫోన్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. మీ అత్తవారి ఊరి తంపర భూముల్ని, అదే నీళ్లు నిలిచే ఆ పల్లపు నేలల్ని, ఏదో ఫ్యాక్టరీకి ఇస్తారన్న మాట పుట్టిందన్నావు. పంచాయతీ ఎన్నికలు కూడా వస్తాయి కదా, కుర్రాళ్లంతా వాతావరణ న్యాయం అని బ్యానర్ కట్టి ర్యాలీ తీద్దామంటున్నారన్నావు. ఎక్కడ మొదలుపెట్టాలి పెద్దమ్మా అని అడిగావు.

ర్యాలీ కొన్నాళ్లు ఆపండమ్మా. ముందు నలుగురూ కలిసి తంపర చుట్టూ నడవండి. గెడ్డ (వాగు) నీళ్లు ఎటు నుంచి వచ్చి పడతాయి, ఏ నెల దాకా నిలుస్తాయి, ఆ నీళ్ల మీద ఎన్ని ఎకరాలు పండుతున్నాయి, ఎవరు చేపలు పడుతున్నారు, ఎవరి గేదెలు మేస్తున్నాయి, తుంగ కోసుకుని చాపలు అల్లేవాళ్లు ఎంతమంది ఉన్నారు, అన్నీ ఒక లాంగ్ నోటుబుక్కులో ఇంటింటికీ రాయండి. సర్వే నంబరు తెలిస్తే అదీ పక్కన రాయండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అదే చోట నిలబడి ఫొటో తీయండి. డ్వాక్రా సంఘంలో మినిట్స్ పుస్తకం రాసిన అలవాటు వల్లనే నేను ఆ రోజుల్లో ఎందుకైనా పనికొచ్చాను.

మా సోంపేట సంగతి నీకు పైపైన తెలుసు. ఇక్కడి బీలలో, అంటే మీ తంపర లాంటి చిత్తడి నేలలోనే, 2640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం పెడతామన్నారు. కాగితాల్లో ఆ నేలను ఎందుకూ పనికిరాని భూమి అన్నారు. మాకేమో అది వందల కుటుంబాల అన్నం. ఒక సాయంత్రం రామకోవెల అరుగు మీద మీటింగు పెట్టుకున్నాం. చదువుకున్నవాళ్లు మెగావాట్లు, బూడిద, టన్నులు అంటూ మాట్లాడుతుంటే వెనకాల కూర్చున్న ఒక ముసలావిడ లేచి వచ్చి, తడిగుడ్డలో చుట్టిన మట్టగిడస చేపని అరుగు మీద పెట్టింది. అది ఇంకా కదులుతోంది. బంజరులో ఇది ఎలా బతుకుతుందో ఆ కాగితం రాసినాయన్ని అడగమంది. ఆ తర్వాత మేం ఏ అర్జీ రాసినా ఆ మాటతోనే మొదలుపెట్టేవాళ్లం. డాక్టర్ కృష్ణమూర్తి గారు ముందుండి నడిపించారు. రిటైరైన ఐఏఎస్ అధికారి ఈ.ఏ.ఎస్. శర్మ గారిలాంటి పెద్దలు ఇది చిత్తడి నేల అని ఢిల్లీ దాకా రాశారు. చివరికి 2010 జూలై 14న జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అదే రోజు ఇక్కడ పోలీసు కాల్పులు జరిగి మనవాళ్ల ప్రాణాలు పోయాయి. అక్కడ ఆ కాగితం, ఇక్కడ ఈ శవాలు. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయలేను.

అందుకే నీకు ఒక్కటి గట్టిగా చెబుతున్నా, ఎవరు ఎంత రెచ్చగొట్టినా మీ వైపు నుంచి రాయి లేవకూడదు. మా ఊళ్లలో ఎంతోమంది మీద కేసులు పడ్డాయి. కూలి మానుకుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. గుంపులో ముందు నిలబడే కుర్రాడి ఇంట్లో తర్వాత ఎవరు సంపాదించి పెడతారో ముందే ఆలోచించుకోవాలి.

వాతావరణ న్యాయం అనే మాట వద్దని కాదు. దాన్ని మీ ఊరి అనుభవంతో చెప్పండి. బొగ్గు మండించి ఒక యూనిట్ కరెంటు తీస్తే దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ఉద్దానంలో మనం వాడేది రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. సముద్రం వేడెక్కితే తుపాన్లకు బలం పెరుగుతుందని, వాన కుండపోతగా పడుతుందని సైంటిస్టులు చెబుతున్నారు. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున తిత్లీ తుపాను మన పలాస పక్కనే తీరం దాటింది. ఆ పొద్దున మన తోటలు నీకు గుర్తుండే ఉంటాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లూ మీ మావగారు హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేశారు. పొగ వదిలినవాళ్లు ఒకరు, తోట పోగొట్టుకున్నవాళ్లు ఇంకొకరు. ఇలా చెబితే మీ ఊళ్లో వివరించాల్సిన పని ఉండదు. తంపర ఉంటే వరద నీళ్లు అందులోకి పోతాయి, దాన్ని పూడిస్తే ఇళ్లలోకి వస్తాయి అన్నది కూడా అందరికీ తెలిసిందే, కాకపోతే ఎవరూ పైకి అనరు.

మేం చేసిన తప్పొకటి చెబుతాను. ఒకసారి మా మీటింగుకి ఒక పార్టీ నాయకుడు వచ్చాడు. మర్యాదకి మైకు ఇచ్చాం. పావుగంట తన పార్టీ గురించే మాట్లాడాడు. తర్వాతి వారం రెండో పార్టీవాళ్ల వీధి నుంచి ఒక్క మనిషి రాలేదు. వాళ్లని మళ్లీ రప్పించడానికి ఇల్లిల్లూ తిరిగి మూడు నెలలు పట్టింది. అందుకని నాయకులు ఎవరొచ్చినా కింద చాప మీద కూర్చుని వినమనండి, మైకు ఊరివాళ్ల దగ్గరే ఉంచండి. చందా కూడా పెద్ద మొత్తం ఒక్కరి దగ్గర తీసుకోవద్దు. ఇంటికి ఇరవై చొప్పున తీసుకుని లెక్క గోడ మీద అంటించండి. మీటింగు టైము ఆడవాళ్లని అడిగి పెట్టండి. జాలర్ల వీధిని, దళితవాడని చివర్లో పిలవడం కాదు, మొదటి మీటింగే అక్కడ పెట్టండి. నీళ్లు పోతే మొదట పోయేది వాళ్ల కూడే.

ఫ్యాక్టరీ నిజమైతే, చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. పబ్లిక్ హియరింగ్ అంటారు కదా, అదే. దానికి 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో రూల్స్ ఉన్నాయి. కనీసం ముప్పై రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. మా కాలంలో అలాంటి ప్రకటన కోసం టీకొట్టు పేపరు రోజూ చూసే పని ఒకరికి అప్పజెప్పాం, మీరూ అలాగే చేయండి. ఫ్యాక్టరీ వల్ల పర్యావరణానికి ఏమవుతుందో రాసిన నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి, అడిగి తీసుకుని అరుగు మీద అందరి ముందూ చదవండి. మీ తంపరను అందులో ఏమని రాశారో చూడండి. ఇంతమంది రావాలన్న కోరం అనేదేమీ లేదు, పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. కాబట్టి కోపంతో బహిష్కరించి ఇంట్లో కూర్చోవద్దు. వీడియో తీస్తారు. చివర్లో ఎవరేం అన్నారో రాసింది అక్కడే చదివి వినిపించాలి, వినిపించే దాకా కదలకండి. మాట్లాడేవాళ్లు నోటుబుక్కులోంచి తమ ఇంటి లెక్క చెప్పాలి. నోటితో చెప్పిందే రాసి కూడా ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒరిజినల్ ఎప్పుడూ ఇవ్వద్దు. నేనొకసారి ఒక ఆఫీసులో పాత పట్టా కాగితాలు నమ్మి ఇచ్చాను, ఇప్పటికీ తిరిగి రాలేదు. అనుమతి వచ్చేసినా అయిపోయినట్టు కాదు. ముప్పై రోజుల్లో హరిత ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు, మనకి బెంచి చెన్నైలో ఉంది. ఆ తేదీ దాటనివ్వకండి.

ఉద్యోగాలొస్తాయి కదా అని మీ ఊళ్లోనే కొందరు అంటారు. వాళ్లని ద్రోహులని అనొద్దు. పిల్లలు చెన్నై, హైదరాబాద్ పోయి కూలి చేస్తుంటే ఏ తల్లికైనా ఆ ఆశ ఉంటుంది. ఎన్ని ఉద్యోగాలు, ఏ చదువుకి, పర్మనెంటా కాంట్రాక్టా అని రాతలో అడిగించండి. పక్కన మీ నోటుబుక్కు లెక్క పెట్టండి. సోలార్ అయినా సరే, అది మంచి కరెంటే, కానీ ఎవరి మేత భూమి మీద పెడుతున్నారో అడగాల్సిందే.

ఇక ఓటు. ఎన్నికల నెలలో మేలుకుంటే లాభం లేదు. మొదట లిస్టు చూడండి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఎప్పటికి పద్దెనిమిది నిండినా పేరు ఎక్కించుకోవచ్చు, దానికి ఫారం 6. కోడళ్లై వచ్చినవాళ్ల ఓట్లు చాలావరకు పుట్టింట్లోనే ఉండిపోతాయి, ఫారం 8 పెట్టించి మార్పించు. నీది మార్చుకున్నావా? వలస పోయినవాళ్లకి పోలింగు తేదీ ముందే చెప్పి టికెట్లు బుక్ చేసుకోమనండి. మీ తంపర మీద బతికే ఇళ్లలోనే సగంమంది ఊళ్లో లేకపోతే, ఓటు అడగడానికి వచ్చేవాడికి ఆ వీధితో పనేముంటుంది?

అభ్యర్థి ఇంటికొచ్చినప్పుడు పర్యావరణం కాపాడతారా అని అడిగితే కాపాడతానంటాడు. అలా అడగొద్దు. తంపరను ఇమ్మంటే గ్రామసభ పెట్టి వ్యతిరేకంగా తీర్మానం చేస్తారా? గెడ్డ పూడిక ఎప్పుడు తీయిస్తారు? వడగాడ్పుల్లో ఉపాధి పని పొద్దున ఆరుకే మొదలుపెట్టించమని రాస్తారా? తుపాను షెల్టర్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఇలా అడగండి. 2015 ఎండలకి దేశంలో పోయిన రెండు వేల పైచిలుకు ప్రాణాల్లో ఎక్కువ మన రెండు తెలుగు రాష్ట్రాలవే, ఎండ కూడా ఓటులో మాట్లాడాల్సిన సంగతే. సర్పంచ్‌గా నిలబడిన ప్రతి ఒక్కరికీ అవే ప్రశ్నలు, అదే కాగితం. జవాబు కింద సంతకం పెట్టించి గుడి దగ్గరా, మసీదు దగ్గరా, చర్చి దగ్గరా అంటించండి. సంతకం పెట్టనివాళ్ల పేరు పక్కన ఖాళీగా వదిలేయండి, ఇంకేమీ రాయొద్దు. ఎవరికి వేయాలో మీ సంఘం చెప్పకూడదు, ఆ కాగితం చూసి ఎవరికి వాళ్లు తేల్చుకుంటారు. డబ్బు తీసుకున్నవాళ్లని వీధిలో తిట్టకు. ఇచ్చినా తీసుకున్నా నేరమేనని, తీసుకున్నందుకు ఓటు రుణపడి లేదని, లోపల ఎవరూ చూడరని ఆడవాళ్ల మధ్య కూర్చుని మెల్లగా చెప్పు.

మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. మీ వార్డు లేడీస్‌కి వస్తే ఆ నోటుబుక్కు రాసినవాళ్లలో ఒకరు ఎందుకు నిలబడకూడదు? నీ పేరే అనడం లేదు, అయినా ఆలోచించు. గెలిచినవాళ్ల దగ్గరికి మూడు నెలలకోసారి ఆ సంతకాల కాగితం పట్టుకుని వెళ్లాలి. ఆఫీసుల్లో కదలకపోతే సమాచార హక్కు కింద అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఈ పని ఎవరూ ఫొటో తీయరు, పేపర్లో రాదు. మొదట్లో యాభైమంది ఉంటే ఆరు నెలలకి ఏడుగురు మిగులుతారు. దానికి టెన్షన్ పడకు, మా దగ్గరా చాలా రోజులు దీక్షా శిబిరంలో అంతమందే ఉండేవారు.

ఈ శనివారం కుదిరితే మీ ఆయన్ని తీసుకుని సోంపేట రా. అటక మీద రేకు పెట్టెలో నా మినిట్స్ పుస్తకాలు, ముద్రలు వేయించిన అర్జీల కాపీలు ఉన్నాయి. అవి జిరాక్స్ తీయించుకుని ఒరిజినల్స్ నాకిచ్చేయి. సాయంత్రం బీల గట్టు దాకా నడిచి వద్దాం.

మీ పెద్దమ్మ