ఈ అంకె ఎక్కడిది?

చిరంజీవికి శుభాశీస్సులు.

వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కకట్టే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్, తెర మీద చూపే స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) అంకెల గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదట బస్సులో, తర్వాత బల్ల దగ్గర పెన్సిలు పట్టుకుని. చిక్కు దొరికింది రెండోసారే.

ముందు కత్తిరింపుల సంగతి చూద్దాం. 1943లో కూరాంట్ త్రిభుజాలు, 1956లో టర్నర్ బృందం పత్రం, 1960లో క్లఫ్ ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టడం, అన్నీ నిజాలే. అయినా ఆ మూడు పేరాలూ కొట్టెయ్. నీ పాఠకుడు తెర మీద స్ట్రెస్ ఎక్కువని చెప్పే ఎర్రటి మచ్చ చూసి కంగారుపడి నీ దగ్గరికి వచ్చాడు. అతనికి వంశవృక్షం చదివి వినిపించకు. తెలిసిన విలువల నడుమ నింపడానికి ‘అంతర్వేశనం’ అన్న పుస్తకాల మాట కూడా ఒక్కసారి వాడి వదిలెయ్. పనిచేసే చోట అందరూ అనేది ఇంటర్‌పొలేషన్ అనే.

మెష్‌ను, అంటే ఎలిమెంట్ల వలను, చుక్కల ముగ్గుతో పోల్చడం నాకు నచ్చింది. ఎలిమెంట్లు కలిసే నోడ్లు చుక్కలు, వాటి నడుమ గీత ఎలా సాగాలో చెప్పేవి షేప్ ఫంక్షన్లు. బాగుంది. కానీ అదే పోలికను స్ట్రెస్ దాకా లాగావు, అక్కడ పుటుక్కున తెగింది. సాఫ్ట్‌వేర్ సమీకరణాలు సాధించి కనిపెట్టేది ఏ చుక్క ఎంత జరిగిందన్నది. చుక్కకూ చుక్కకూ నడుమ ఎంత జరిగిందో షేప్ ఫంక్షన్ నింపుతుంది. స్ట్రెస్ దారి వేరు. దాన్ని లెక్కకట్టేది ఎలిమెంట్ కడుపులో లెక్క కోసం ఎంచుకునే గాస్ బిందువుల దగ్గర. అక్కడి నుంచి అంచున ఉన్న నోడ్ దాకా ఆ విలువను సాగదీయాలి. తెలిసిన బిందువుల నడుమ నింపడం ఒకటి, వాటిని దాటి బయటికి పోవడం మరొకటి. ముగ్గు వదలడం నీకు ఇష్టం లేకపోతే మెలికల ముగ్గు పట్టుకో. అందులో గీత చుక్కను తాకకుండా చుట్టూ తిరుగుతుంది.

ఆ బయటికి పోవడాన్ని మాటల్లో కాక అంకెల్లో చూపించు. నిర్మాణాల్లో మనం వాడే ఈ250 ఉక్కునే తీసుకో. స్ట్రెస్ 250 మెగాపాస్కల్ చేరితే లొంగిపోతుంది, అంటే శాశ్వతంగా సాగడం మొదలవుతుంది, ఆపైన గట్టిపడదని మోడల్‌లో చెప్పావనుకో. సన్నబడుతూ పోయే కడ్డీ, ఒక ఎలిమెంట్, అందులో రెండు గాస్ బిందువులు. నడుమ నుంచి చివరికి దూరం 1 అనుకుంటే ఆ బిందువులు ఇటూ అటూ 0.577 దూరంలో ఉంటాయి. ఒకచోట 210, రెండోచోట 250 వచ్చింది. నడుమ 230. 20ని 0.577తో భాగిస్తే వాలు 34.6. చివరి నోడ్ దగ్గర 264.6! 250 దగ్గర లొంగిపోవాల్సిన ఉక్కు 264.6 మోస్తోందని తెర చెబుతుంది. కొత్త ఇంజినీరు ఉక్కు వివరాలు తప్పిచ్చానేమోనని రాత్రంతా వెతుకుతాడు. వివరాలు సరిగానే ఉన్నాయి. ఆ 264.6 గీతను పొడిగిస్తే పుట్టింది, అంతే.

అబాకస్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాగే పొడిగించి చూపిస్తుంది. ఆన్సిస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మాత్రం, మనం వేరే చెప్పకపోతే, ప్లాస్టిక్ దశకు చేరిన, అంటే లొంగిపోయిన, ఎలిమెంట్లలో గాస్ బిందువు విలువనే నోడ్‌కు నకలు చేస్తుంది. మోడల్ ఒకటే, నోడ్ దగ్గర అంకెలు రెండు. నీ పాఠకుడికి కావలసింది ఈ పేరా. నీ వ్యాసంలో లేనిదీ ఇదే.

ఇక సరాసరి. ఒకే నోడ్‌ను పంచుకున్న ఎలిమెంట్లు ఒక్కోటి ఒక్కో విలువ చెబితే, సాఫ్ట్‌వేర్ వాటి సరాసరి కట్టి చూపిస్తుంది. దాన్ని నువ్వు “తర్వాత సాఫ్ట్‌వేర్ విలువలను సున్నితం చేస్తుంది” అని ఒక్క వాక్యంతో దాటేశావు. సున్నితం మనసుకు, ఇక్కడ మాట నునుపు. అది పక్కన పెట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బ్రాకెట్ మూల దగ్గర స్ట్రెస్ 190 అని నివేదికలో రాశాను. ఆ నోడ్‌ను పంచుకున్న ఎలిమెంట్లలో ఒకటి 310 అంటోంది, ఇంకోటి 70 అంటోంది. నేను చూసింది మాత్రం నునుపైన పచ్చ రంగు. పరీక్షలో బ్రాకెట్ సరిగ్గా అక్కడే చిట్లింది. మా పెద్దాయన నివేదిక నా ముందు పెట్టి, “ఈ అంకె ఎక్కడిది?” అన్నారు. నోరు పెగల్లేదు. 240 తేడా ఉందంటే మెష్ చాలదని ఆ ఎలిమెంట్లు మొత్తుకుంటున్నాయన్నమాట. నేను సరాసరి కట్టి వాటి నోరు నొక్కేశాను. 1987లో జియెన్‌కీవిచ్, జూ అనే పరిశోధకులు చేసింది దీనికి తలకిందులు. నునుపు చేసిన స్ట్రెస్‌కూ చేయనిదానికీ ఉన్న తేడానే లోపానికి కొలతగా తీసుకున్నారు.

రెండు లోహాలు అతికిన చోట మాత్రం ఆ తేడా నిజమైనదే కావచ్చు. అక్కడ సరాసరి కడితే లేని స్ట్రెస్‌ను పుట్టించినట్టే. ఇది ఒక్క వాక్యంలో రాస్తే చాలు. ఒక మెష్ ఫలితాలను మరో మెష్‌కు మార్చడం జోలికి ఇప్పుడు పోకు, అది వేరే వ్యాసం.

సముద్రంలో చమురు, గ్యాసు తీయడానికి కట్టిన స్లైప్నర్ వేదిక ఉదంతాన్ని చివర్లో భయపెట్టడానికి వాడుకున్నావు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్టావాంగర్ దగ్గరి గాండ్స్‌ఫియోర్డ్‌లో ఆ కాంక్రీటు నిర్మాణం మునిగిపోయింది. నువ్వేమో “సాఫ్ట్‌వేర్ తప్పు” అని తేల్చేశావు. మూడు గదులు కలిసేచోట గోడల మోడల్ సరిపోయేంత వివరంగా లేక కోత (షియర్) స్ట్రెస్ 47 శాతం తక్కువగా వచ్చింది. కీలకమైన చోట ఇనుప కడ్డీల పట్టూ చాలలేదు. తర్వాత జాగ్రత్తగా చేసిన విశ్లేషణ 62 మీటర్ల లోతున గోడ విరగాలంది. నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర. అదే పద్ధతి, అదే గోడ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి వ్యాసం మొదట్లోనే చెప్పు, నీ విశేషణాలతో పని ఉండదు.

రెండో ప్రతిలో ఒకే చోటి బొమ్మలు రెండు పంపు, సరాసరి కట్టినది ఒకటి, కట్టనిది ఒకటి. కింద సాఫ్ట్‌వేర్ పేరు, అమరికలు రాయి. ఎలిమెంట్ల విలువల మధ్య ఎంత తేడా వరకు సరాసరి కట్టాలో చెప్పే హద్దు అబాకస్‌లో 75 శాతం అని ముందే పెట్టి ఉంటుంది. దాన్ని నువ్వు కదిలించావో లేదో నీ మొదటి బొమ్మ ఎంత సేపు చూసినా నాకు తెలియలేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి