ఫైబ్రోమయాల్జియాకు మందులు మానేసి సహజంగా తగ్గించుకోవచ్చా?

పొదిలి నుంచి అడిగిన చెల్లెమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండేళ్ళుగా ఒళ్ళంతా నొప్పులు, టెస్టులన్నీ నార్మల్, డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా అన్నారు, మాత్రలు వేసుకుంటే మత్తుగా ఉంటోంది, అవి మానేసి ఆకులు, నూనెలు, యోగాతో తగ్గించుకోవచ్చా, ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు అని రాశావు. నీకంటే పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే అంటున్నాను. మాది కావలి, ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఈ జబ్బుతో చాలా ఏళ్ళ నుంచి నెట్టుకొస్తున్నాను.

ముందు ఒక్క మాట. మాత్రలు నీ అంతట నువ్వు మానొద్దు. మందులు కాని పద్ధతులు బాగా పనిచేస్తాయి, నేను ఇవాళ మిషన్ ముందు కూర్చోగలుగుతున్నానంటే వాటి చలవే, కాకపోతే అవి అందరూ చెప్పే ఆకులూ పొడులూ కాదు. రోజువారీ పనిని ఎట్లా పంచుకుంటామన్నదే దీనికి పెద్ద మందు.

టెస్టులు నార్మల్ వస్తే జబ్బు లేదని కాదమ్మా. ఇందులో కీళ్ళు అరగవు, కండరాలు చెడవు, నొప్పి కబురు మోసే నరాలూ మెదడూ ఆ నొప్పిని పందిట్లో మైకు సౌండు పెంచినట్టు పెంచి వినిపిస్తాయి. గాజులు వేయించుకుందామని కూర్చుంటే, గాజులామె మామూలుగా చెయ్యి నొక్కినా నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఒకప్పుడు ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటేనే ఈ జబ్బు అనేవాళ్ళు. 2010 నుంచి కొత్త లెక్క వచ్చింది, నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, అలసట, నిద్ర, మతిమరుపు ఎట్లా ఉన్నాయి అని చూస్తారు, ఇవన్నీ మూడు నెలలకు తగ్గకుండా ఉండాలి. అయితే థైరాయిడ్, విటమిన్ డి, బి12, కీళ్ళవాతం టెస్టులు చేశారో లేదో ఒకసారి చూసుకో, వాటివల్ల కూడా ఇట్లాంటి నొప్పులే వస్తాయి.

ఇంకోటి, మీ వైపు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నా. పొదిలి, కనిగిరి, దర్శి పక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే నడుము, మెడ బిగుసుకుపోయి ఒళ్ళు నొప్పులు వస్తాయి, దాన్ని ఫైబ్రోమయాల్జియాగా పొరబడే వీలుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆర్‌డబ్ల్యూఎస్, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ల్యాబులో నీళ్ళు పరీక్ష చేయించు. కాచి తాగితే పోతుందని కొందరంటారు కానీ పోదు, నీళ్ళు ఇగిరి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ జబ్బులో అందరికీ జరిగేది ఒకటే. ఒక పొద్దున లేవగానే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, అబ్బ ఇవాళ బాగుందని దుప్పట్లు నానేసి, బూజు దులిపి, పిండి రుబ్బి, పెండింగులో ఉన్న పనంతా ఆ ఒక్క రోజే చేసేస్తాం, మర్నాటి నుంచి నాలుగు రోజులు మంచం దిగలేం, ఆ నాలుగు రోజులూ కదలకపోయేసరికి కండరాలు ఇంకా బిగుస్తాయి. అందుకని బాగున్న రోజు కూడా లెక్క దాటకుండా చేయాలి, బాగాలేని రోజు కూడా కొంచెమైనా కదలాలి. వినడానికి తేలికే, చేయడం కష్టం, ముఖ్యంగా బాగున్న రోజు ఆగడం. నేను ఫోనులో ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుంటాను, అది మోగితే జాకెట్టు చెయ్యి సగమే కుట్టినా సరే సూది దించి లేస్తాను, భుజాలు తిప్పి, నాలుగడుగులు వేసి, అప్పుడు మళ్ళీ కూర్చుంటాను. కటింగ్ నేల మీద వంగి చేయకుండా నడుము ఎత్తు బల్ల మీద చేస్తాను. మిషన్‌కి మోటారు పెట్టించుకున్నాను. హుక్కులు, ఎమ్మింగ్ మాత్రం బయట ఇచ్చేస్తాను, ఆ సన్న సూదిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకుంటే ఆ నొప్పి మోచేయి దాకా పాకుతుంది. పెళ్ళిళ్ళ సీజన్లో కూడా ఎన్ని కుట్టగలనో అన్నే తీసుకుంటాను. నువ్వు కూడా నీ ఇంటి పనిని ఇట్లాగే విడగొట్టు, అంట్లు స్టూలు మీద కూర్చుని తోము, తడిబట్టలు పిండే పని ఇంకొకరికి అప్పజెప్పు.

రెండోది నడక. 2017లో ఐరోపా కీళ్ళ వైద్యుల సంఘం ఈ జబ్బు వైద్యం మీద సూచనలు ఇస్తే, గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. ఐదు నిమిషాలతో మొదలుపెట్టు, వారం పది రోజులకు ఇంకో రెండు నిమిషాలు కలుపు. మొదట్లో నొప్పి కాస్త పెరుగుతుంది, భయపడి మానేయకు, అంతకు మించి పెంచకుండా అక్కడే కొన్నాళ్ళు ఆగు. మన ఎండల సంగతి తెలుసుగా, రోహిణి కార్తెలో ఆరులోపే ముగించాలి. తుమ్మలపెంట బీచికి వెళ్ళినప్పుడు నేను తడి ఇసుక మీదే నడుస్తాను, పొడి ఇసుకలో కాళ్ళు దిగబడి పిక్కలు పట్టేస్తాయి. యోగా మంచిదే, కానీ వీపు మీద చెయ్యేసి ఇంకా వంగు అని నొక్కే చోట చేయకు.

నిద్ర చెడితే ఈ జబ్బుకు పండగే. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున ఒకే వేళకు లే, సాయంత్రం నాలుగు తర్వాత టీ కాఫీ వద్దు, కూలరు గాలి నేరుగా ఒంటికి తగలనివ్వకు. పడుకునేముందు వేడినీళ్ళు పోసుకోవడం నాకు బాగా పనిచేసింది. మా అమ్మ బాలింతలకు కాచినట్టు వావిలాకు వేసి కాచేది, ఇప్పటికీ ఆకు దొరికితే నేనూ వేస్తాను, హాయిగా ఉంటుంది. అందులో గుణం ఆకుదెంతో, వేడిదెంతో నేను విడదీసి చెప్పలేను గానీ ఉత్త వేడినీళ్ళకి కూడా కండరాలు సడలుతాయి. నువ్వుల నూనె అయితే మెల్లగా రాయడమే, మర్దనా పేరుతో పిసికించుకోవద్దు. తిండిలో దీనికంటూ ప్రత్యేకంగా పథ్యం లేదు, వేళకు తిని బరువు పెరగకుండా చూసుకుంటే చాలు.

పేరూ లేబులూ లేని వాతం గోలీల జోలికి మాత్రం వెళ్ళకు. స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలు బయటపడ్డాయి, అందుకే నాలుగు రోజుల్లో నొప్పి మాయమైనట్టు ఉంటుంది, తర్వాత ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. రోజూ నొప్పి బిళ్ళలు, నొప్పి సూదులు కూడా అంతే, ఈ జబ్బుకు పెద్దగా పనిచేయవు, పైగా కడుపుకీ కిడ్నీలకీ చేటు, కనిగిరి, పీసీపల్లి వైపు కిడ్నీ బాధలు చూస్తూ కూడా అవి మింగడం నాకు భయం. మీ డాక్టరుగారు రాసేవి వేరు, అమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్, ప్రెగాబలిన్ లాంటివి నరాల మీద పనిచేస్తాయి. మత్తుగా ఉందంటే మోతాదో వేళో మారుస్తారు, అడుగు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు మొదలవుతాయి. అశ్వగంధ లాంటిది ఏదైనా వాడుతుంటే అది కూడా దాచకుండా చెప్పు.

ఇంట్లో నమ్మడం లేదన్నావే, దానికి వాదించి లాభం లేదు. ఈసారి మీ ఆయన్ని, వీలైతే మీ అత్తగారిని కూడా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళి డాక్టరుగారి నోటితోనే చెప్పించు. మా ఇంట్లో కూడా అట్లా చెప్పించిన తర్వాతే బిందె ఎత్తే పని నా చేతి నుంచి పోయింది.

ఇవన్నీ చేస్తూ ఉండగా కీళ్ళు వాచినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అది ఈ జబ్బు ఖాతాలో వేసి ఊరుకోకుండా వెంటనే చూపించుకో. నీళ్ళ పరీక్షలో ఎంత వచ్చిందో ఇక్కడే రాయి, మీ పక్క ఊళ్ళవాళ్ళకీ పనికొస్తుంది.