లైటు వేయనివ్వను

ప్రశ్న: నా వయసు 52. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేసి ఏడాదైంది. రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నాను. ఆయన దగ్గరికొస్తే మంట, నొప్పి. మచ్చ కనబడుతుందని లైటు కూడా వేయనివ్వను. ఈ మధ్య ఆయన హాల్లో పడుకుంటున్నారు. ‘ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు’ అంటోంది మా తోడికోడలు. డాక్టరు గారిని అడగాలంటే సిగ్గు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: తోడికోడలి మాట పక్కన పెట్టండమ్మా. మీ మంటకు వయసు కన్నా ఆ మాత్రే కారణమై ఉంటుంది. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను బాగా తగ్గిస్తుంది. దాంతో యోని పొడిబారి, లోపలి పొర పలచబడుతుంది. అలాగని మాత్ర మానేయకండి, జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చేది అదే. మందుల షాపులో నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్ అడగండి, కలిసేటప్పుడు ధారాళంగా వాడండి. వారానికి రెండు మూడుసార్లు రాసుకునే యోని మాయిశ్చరైజర్ వేరే ఉంటుంది, అదీ మంచిదే. ఈస్ట్రోజెన్ క్రీము మాత్రం మీ క్యాన్సర్ డాక్టరును అడగకుండా వద్దు. రక్తం కనబడితే వెంటనే గైనకాలజిస్టుకు చూపించుకోండి.

ఇక హాల్లో పడక సంగతి. నా దగ్గరికొచ్చే భర్తల్లో చాలామంది, ముట్టుకుంటే ఎక్కడ నొప్పెడుతుందోనని జంకేవాళ్లే. పాపం, ఆ మాట పైకి అనరు. ఎక్కడ చెయ్యి వేయొచ్చో, ఎక్కడ వద్దో మీరే చెప్పండి. లైటు వద్దంటే మానేయండి, మెత్తటి జాకెట్టు ఉంచుకున్నా తప్పులేదు. ఎడమ చేతి మీద బరువు పడకుండా కింద దిండు పెట్టుకోండి. క్యాన్సర్ అంటుకోదు, కలయిక వల్ల తిరగబెట్టదు. ఈ రెండు ముక్కలూ ఆయనకు చదివి వినిపించండి.

డాక్టరు గారి ముందు నోరు పెగలకపోతే ‘పొడిబారడం, నొప్పి’ అని చీటీ రాసి ఫైల్లో పైన పెట్టండి.